పాఠం 14: ఇండెక్స్ ఫండులో డివిడెండు – ఏ గడిలో టిక్కు పెట్టాలి?

14.1 పరిచయం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో టాటీబంధ్ అనే ప్రాంతం ఉంది. 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ ఆసుపత్రి ఉన్నది అక్కడే. ఆ ఆసుపత్రి దగ్గర టిఫిన్ బండి నడుపుకొనే ఒక తెలుగు మహిళను ఊహించుకోండి. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో విజయనగరంలో రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె రోజూ కొంత కూడబెట్టి, 10,000 రూపాయలు ఒక ఇండెక్స్ ఫండులో పెట్టింది. దరఖాస్తు నింపేటప్పుడు ‘డివిడెండు వస్తే లాభమే కదా, దాన్ని మళ్ళీ అందులోనే వేస్తే ఇంకా లాభం’ అనుకొని, తిరిగి పెట్టుబడి పెట్టమనే గడిలో టిక్కు పెట్టింది.

కొంతకాలానికి స్టేట్‌మెంటు వచ్చింది. యూనిట్లు పెరిగాయి. కాని ఒక్కొక్క యూనిట్ ధర తగ్గింది. ‘నా డబ్బు ఎవరో తీసేశారు. రేపే వెళ్ళి మొత్తం వెనక్కి తీసుకుంటాను’ అనుకుంది. ఆమె భయం సరైనదేనా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– డివిడెండు ఇచ్చిన రోజున యూనిట్ ధర ఎందుకు తగ్గుతుందో వివరించగలుగుతారు.
– దరఖాస్తులోని మూడు ఎంపికల మధ్య తేడాను లెక్క వేసి చూపగలుగుతారు.
– మీ అవసరానికి తగిన ఎంపికను గుర్తించగలుగుతారు.

14.3 ఇండెక్స్ ఫండు అంటే ఏమిటి?

స్టాక్ మార్కెట్టులోని కొన్ని పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే కొలమానమే సూచీ, అంటే ఇండెక్స్. 1996లో మొదలైన నిఫ్టీ సూచీలో 50 కంపెనీలు ఉంటాయి. ఇండెక్స్ ఫండు మదుపరుల డబ్బుతో ఆ కంపెనీల షేర్లనే, సూచీలో ఉన్న నిష్పత్తిలోనే కొంటుంది. అమెరికాలో జాన్ బోగుల్ 1976లో సామాన్య మదుపరుల కోసం ఇటువంటి ఫండును ప్రారంభించారు.

ఫండు చేతిలోని కంపెనీలు లాభాల్లో కొంత భాగాన్ని డివిడెండుగా ఇస్తాయి. ఆ సొమ్ము మొదట ఫండుకు చేరుతుంది. ఫండు దానితో మళ్ళీ షేర్లు కొంటుంది. అంటే తిరిగి పెట్టుబడి పెట్టడం అనే పని, మీరు టిక్కు పెట్టినా పెట్టకపోయినా, ఫండు లోపల జరుగుతూనే ఉంటుంది. ఈ పాఠంలో ముఖ్యమైన విషయం ఇదే. దీన్ని గుర్తుంచుకోండి.

14.4 దరఖాస్తులోని మూడు ఎంపికలు

(అ) గ్రోత్: ఫండు మీకు విడిగా ఏమీ పంచదు. వచ్చిన లాభమంతా యూనిట్ ధరలోనే కలిసి ఉంటుంది.
(ఆ) పే అవుట్: ఫండు ప్రకటించిన సొమ్ము మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది.
(ఇ) రీ ఇన్వెస్ట్‌మెంట్: ఆ సొమ్ము మీ చేతికి రాదు. దానితో అదే ఫండులో మీ పేర కొత్త యూనిట్లు కొంటారు.

ఈ రోజు దరఖాస్తులో మీకు ‘డివిడెండు’ అనే మాట కనిపించదు. 2021 ఏప్రిల్ 1 నుంచి సెబీ ఆదేశం మేరకు ఆ పేరు మారింది. ఇప్పుడు ‘ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్’ అని, పొట్టిగా ఐ.డి.సి.డబ్ల్యు. అని ఉంటుంది. ఆదాయాన్ని పంచడంతో పాటు మూలధనాన్ని వెనక్కి తీయడం కూడా అని దాని అర్థం. మీకు పంచే సొమ్ములో మీరు పెట్టిన అసలు కూడా కొంత ఉండవచ్చునని ఆ పేరే హెచ్చరిస్తుంది.

14.5 లెక్క వేసి చూద్దాం

పెట్టుబడి 10,000 రూపాయలు. కొన్న రోజున యూనిట్ ధర 20 రూపాయలు. కనుక 500 యూనిట్లు వచ్చాయి. తరువాత ధర 25 రూపాయలకు పెరిగింది. ఇప్పుడు మొత్తం విలువ 12,500 రూపాయలు. ఆ రోజు ఫండు యూనిట్‌కు 2 రూపాయల చొప్పున పంచింది అనుకుందాం.

గ్రోత్: 500 యూనిట్లు × 25 = 12,500 రూపాయలు.

పే అవుట్: 2 రూపాయలు బయటికి పోయాయి కనుక ధర 23 రూపాయలు అవుతుంది. 500 × 23 = 11,500. చేతికి వచ్చినది 1,000. మొత్తం 12,500 రూపాయలు.

రీ ఇన్వెస్ట్‌మెంట్: 1,000 రూపాయలతో 23 రూపాయల ధరకు 43.478 యూనిట్లు వస్తాయి. 543.478 × 23 = 12,500 రూపాయలు.

మూడింటిలోనూ జవాబు ఒకటే! గాదెలోని ధాన్యాన్ని కుంచంతో కొలిచి మళ్ళీ అదే గాదెలో పోస్తే ధాన్యం పెరుగుతుందా? పెరగదు. టాటీబంధ్ మహిళ డబ్బును ఎవరూ తీయలేదు. అయితే ఆమె ఆశించిన అదనపు లాభం కూడా ఏమీ రాలేదు.

పాఠగత ప్రశ్న 1: పై లెక్కలో యూనిట్‌కు 5 రూపాయలు పంచితే, పంచిన తరువాత యూనిట్ ధర ఎంత?

14.6 మరి తేడా ఎక్కడ?

తేడా పన్నులో ఉంది. కొలిచి పోసేటప్పుడు నేల మీద రాలే గింజలే పన్ను.

2020 ఏప్రిల్ 1 నుంచి, ఫండు పంచే సొమ్ము మదుపరి ఆదాయంలో కలుస్తుంది. రీ ఇన్వెస్ట్‌మెంట్‌లో ఆ సొమ్ము మీ చేతికి రాకపోయినా అది మీ ఆదాయమే. మీరు పన్ను చెల్లించే వర్గంలో ఉంటే, మీ శ్లాబు ప్రకారం ప్రతిసారీ పన్ను కట్టాలి. ఒక ఫండు సంస్థ నుంచి ఏడాదికి 10,000 రూపాయలు దాటితే, 10 శాతం ముందుగానే మినహాయిస్తారు. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ పరిమితి 5,000 రూపాయలు. కొత్త యూనిట్ల మీద 0.005 శాతం స్టాంపు డ్యూటీ కూడా పడుతుంది. 1,000 రూపాయలకు అది 5 పైసలు మాత్రమే.

గ్రోత్‌లో అయితే అమ్మేవరకు మీకు పన్ను లేదు. షేర్ల ఫండును 12 నెలలు దాటాక అమ్మితే, 2024 జూలై 23 నుంచి ఉన్న నియమం ప్రకారం, ఏడాదికి 1,25,000 రూపాయల వరకు లాభంపై పన్ను ఉండదు. ఆపై లాభానికి 12.5 శాతం. 12 నెలలలోపు అమ్మితే 20 శాతం. రీ ఇన్వెస్ట్‌మెంట్‌లో వచ్చిన ప్రతి కొత్త యూనిట్‌కు ఈ 12 నెలల లెక్క, అది వచ్చిన రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది.

14.7 మీకు ఏది తగినది?

మీ డబ్బు చాలా ఏళ్ళు పెరగాలి, ఇప్పుడు అవసరం లేదు అనుకుంటే గ్రోత్ సాధారణంగా అనుకూలం.

మధ్యమధ్య డబ్బు కావాలంటే పే అవుట్ ఉంది. కాని ఎప్పుడు పంచుతారో, ఎంత పంచుతారో ఫండు హామీ ఇవ్వదు. పిల్లల ఫీజు దాని మీద ఆధారపెట్టకండి. నెలనెలా మీరు చెప్పినంత సొమ్ము తీసి ఇచ్చే ఎస్.డబ్ల్యు.పి. పద్ధతిని గురించి కూడా అడిగి తెలుసుకోండి. సూచీ పడితే ఏ ఎంపికలోనైనా మీ పెట్టుబడి విలువ తగ్గుతుందని మరువకండి.

ఎంపికను మార్చుకోవడం: పే అవుట్ నుంచి రీ ఇన్వెస్ట్‌మెంట్‌కు మారడానికి ఫండు కార్యాలయంలో గాని, రిజిస్ట్రారు సేవాకేంద్రంలో గాని ఫారం ఇస్తే చాలు. వీటి నుంచి గ్రోత్‌కు మారడం అలా కాదు. పాత యూనిట్లను అమ్మి కొత్తవి కొన్నట్టు లెక్క. లాభం ఉంటే పన్ను, కొన్ని ఫండ్లలో ఎగ్జిట్ లోడు పడవచ్చు. అందుకే మొదటిరోజునే ఆలోచించి టిక్కు పెట్టండి. గడిని ఖాళీగా వదిలితే, పథకం పత్రంలో రాసి ఉన్న ఎంపికే మీకు వర్తిస్తుంది.

పాఠగత ప్రశ్న 2: రీ ఇన్వెస్ట్‌మెంట్ సొమ్ము చేతికి రాలేదు కనుక దానికి పన్ను లేదు. ఒప్పా, తప్పా?

14.8 మీరు ఏం నేర్చుకున్నారు?

– పంచిన మేరకు యూనిట్ ధర తగ్గుతుంది. అది నష్టం కాదు.
– యూనిట్లు పెరిగినంత మాత్రాన సంపద పెరగదు. యూనిట్ల సంఖ్యను ధరతో హెచ్చించి చూడాలి.
– గ్రోత్‌లో తిరిగి పెట్టుబడి ఫండు లోపలే జరుగుతుంది.

14.9 పాఠాంత ప్రశ్నలు

1. టాటీబంధ్ మహిళ మీ పొరుగింటి ఆవిడ అయితే, ఆమె భయం పోయేటట్లు అయిదు వాక్యాలలో ఎలా చెబుతారు?
2. మీ ఇంట్లో ఎవరికైనా ఫండు స్టేట్‌మెంటు ఉంటే, అందులో పై మూడు ఎంపికలలో ఏది ఉందో గుర్తించండి. అది వారి అవసరానికి తగినదేనా? కారణం రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు: 1. 20 రూపాయలు. 2. తప్పు.