300 రిప్లైల్లో అసలు జవాబు ఎక్కడుంది? థ్రెడ్‌లని పూర్తిగా చదవడానికి టూల్స్, పద్ధతులు

మీ ఫోన్‌కి కొత్త అప్‌డేట్ వచ్చిందనుకుందాం. అదే మోడల్ వాడుతున్న ఒకాయన "అప్‌డేట్ పెట్టాక స్క్రీన్ మీద గ్రీన్ లైన్ వచ్చింది, ఎవరూ పెట్టకండి" అని పోస్ట్ చేశాడు. కింద 300 రిప్లైలు. మొదటి పది చూస్తే "నాకూ అంతే", "ఈ కంపెనీ ఎప్పుడూ ఇంతే" అనే ఉన్నాయి. కానీ ఎక్కడో నలభయ్యో రిప్లై కింద ఎవరో "ఫోన్ ఈ మధ్య కింద పడిందా?" అని అడిగారు. దానికి పోస్ట్ పెట్టినాయనే "అవును, పోయిన వారం పడింది, అప్పట్నుంచే సన్నగా గీత ఉంది" అని జవాబిచ్చాడు. ఆ ఒక్క జవాబు చూస్తే మీ నిర్ణయం మారిపోతుంది. చూడకపోతే సెక్యూరిటీ ప్యాచ్ లేకుండా నెలల తరబడి ఫోన్ వాడతారు, పైగా ఆ స్క్రీన్‌షాట్ నలుగురికి ఫార్వర్డ్ కూడా చేస్తారు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలాంటివి రోజూ చూస్తూనే ఉంటాం. యాప్ మనకి చూపించేది సంభాషణ మొత్తం కాదు, అందులో ఒక ముక్క మాత్రమే. మిగతాది ఎక్కడ దాగుందో, దాన్ని ఏ టూల్‌తో బయటికి తీయాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు ఒక క్లారిటీ: థ్రెడ్ అంటే రెండు అర్థాలు

ఇక్కడ మాట్లాడేది మెటా వాళ్ల థ్రెడ్స్ యాప్ గురించి కాదు. సోషల్ మీడియాలో థ్రెడ్ అనే మాటని రెండు వేర్వేరు విషయాలకి వాడుతున్నాం.

మొదటిది గొలుసు. ఒకే మనిషి తన పోస్ట్ కింద తనే ఇంకో పోస్ట్, దాని కింద ఇంకోటి పెట్టుకుంటూ పోవడం. "1/12" అని నంబర్లు వేసేది ఇదే. జనం సొంతంగా అలవాటు చేసుకున్న ఈ పద్ధతికి ట్విట్టర్ 2017 డిసెంబర్‌లో అధికారికంగా బటన్ ఇచ్చింది.

రెండోది చెట్టు. ఒక పోస్ట్‌కి పది మంది రిప్లై ఇస్తారు, వాళ్లలో ఒకరికి ఇంకో ఐదుగురు ఇస్తారు, అలా కొమ్మలు పెరుగుతూ పోతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గొలుసు చదివే టూల్ చెట్టుకి పనికిరాదు. థ్రెడ్ రీడర్ యాప్ సంగతే తీసుకోండి. ఎక్స్‌లో ఒక గొలుసు కింద దాన్ని ట్యాగ్ చేసి "అన్‌రోల్" అంటే, ఆ రచయిత పోస్టులన్నీ ఏరి ఒకే పేజీలో పెడుతుంది. చదవడానికి చాలా హాయిగా ఉంటుంది. కానీ అందులో ఉండేది ఒకరి మాటలే. "అన్నా, మీరు చెప్పిన నాలుగో పాయింట్ తప్పు" అని ఎవరైనా ఆధారంతో సహా రిప్లై ఇచ్చి ఉంటే, అన్‌రోల్ చేసిన పేజీలో అది ఉండదు. కాబట్టి అన్‌రోల్ చదివాక ఒకసారి ఒరిజినల్ పోస్ట్ కూడా తెరవడం మంచిది.

లోపల డేటా ఎలా ఉంటుంది?

ఇది డేటా స్ట్రక్చర్స్‌లో చదివే ట్రీనే. ప్రతి రిప్లై తన పేరెంట్ ఎవరో గుర్తుపెట్టుకుంటుంది. ఆ లింకులన్నీ కలిపితే చెట్టు తయారవుతుంది.

ఈ ఆలోచన సోషల్ మీడియాతో పుట్టింది కాదు. ఈమెయిల్‌లో "ఇన్-రిప్లై-టు", "రిఫరెన్సెస్" అనే రెండు హెడర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. మొదటిది పేరెంట్ మెయిల్‌ని, రెండోది ఆ పై మెయిళ్ల వరుసని చెబుతుంది. నెట్‌స్కేప్ మెయిల్ కోసం జేమీ జావిన్‌స్కీ రాసిన థ్రెడింగ్ అల్గారిథమ్‌లో ఒక మంచి జాగ్రత్త ఉంది. మధ్యలో ఒక మెయిల్ కనపడకపోతే, దాని స్థానంలో ఒక ఖాళీ డబ్బా పెడుతుంది. దానివల్ల కింద ఉన్న మెయిళ్లు అనాథలు కాకుండా తమ కొమ్మలోనే ఉంటాయి. డిలీట్ అయిన కామెంట్ చోట "డిలీటెడ్" అని చూపిస్తూ కింది రిప్లైలని అలాగే ఉంచే సైట్లు చేసేదీ అలాంటి పనే.

ఇప్పటి ప్లాట్‌ఫామ్స్ సంగతి చూస్తే:

- ఎక్స్‌లో ప్రతి రిప్లైకి పేరెంట్ ఐడీతో పాటు ఒక కన్వర్సేషన్ ఐడీ ఉంటుంది. చెట్టు మొదట్లో ఉన్న పోస్ట్ నంబరే ఆ ఐడీ.
- బ్లూస్కైలో ప్రతి రిప్లై రెండు లింకులు మోస్తుంది: ఒకటి పేరెంట్‌కి, ఇంకోటి చెట్టు మొదలుకి.
- మాస్టొడాన్ వాడే యాక్టివిటీపబ్ స్టాండర్డ్ 2018లో వచ్చింది. అందులో పేరెంట్‌ని చూపించే "ఇన్ రిప్లై టు" ఫీల్డ్ ఉంటుంది.

డేటా ఇలా పద్ధతిగానే ఉంది. మరి మనకి అంతా ఎందుకు కనపడదు?

రిప్లై కనపడకపోవడానికి నాలుగు కారణాలు

1. సార్టింగ్. డిఫాల్ట్‌గా ఎక్కువ చోట్ల "రెలెవెంట్" లేదా "టాప్" వరుస ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన సవరణకి లైకులు తక్కువ, కాబట్టి అడుగున పడిపోతుంది. ఎక్స్‌లో డబ్బు కట్టిన అకౌంట్ల రిప్లైలకి ప్రాధాన్యం ఇస్తామని ఆ కంపెనీయే చెప్పింది.

2. మడత. లోతుగా ఉన్న కొమ్మల్ని "ఇంకా చూపించు" బటన్ వెనక మడిచేస్తారు. మన గ్రీన్ లైన్ ఉదాహరణలో అసలు జవాబు ఉన్నది అక్కడే.

3. దాచిపెట్టడం. ఎక్స్‌లో 2019 నుంచి పోస్ట్ పెట్టినవాళ్లే తమ కింద వచ్చిన రిప్లైలని దాచొచ్చు. బ్లూస్కైలో కూడా ఈ సౌకర్యం ఉంది. బూతులు తిట్టేవాళ్లని ఆపడానికి ఇది అవసరమే. కానీ నిజం చెప్పినవాడి రిప్లై దాచడానికీ ఇదే బటన్ పనికొస్తుంది.

4. చెట్టు బయట ఉండటం. కోట్ పోస్ట్ అనేది కొత్త చెట్టుకి మొదలు. "ఇది తప్పు, ఎందుకంటే" అంటూ కోట్ చేసి రాసింది ఒరిజినల్ పోస్ట్ రిప్లైల్లో కనపడదు.

ఎక్కడ ఏం వాడాలి?

ఎక్స్: రిప్లైల వరుసని "రీసెంట్"కి మార్చి ఒకసారి, "లైక్స్"కి మార్చి ఒకసారి చూడండి. పోస్ట్ మీద దాచిన రిప్లైల గుర్తు కనిపిస్తే నొక్కండి, అవి వేరే పేజీలో తెరుచుకుంటాయి. తర్వాత కోట్స్ లిస్ట్ చూడండి. ఇంకో చిట్కా: పోస్ట్ లింక్‌లో చివర పొడుగాటి నంబర్ ఉంటుంది కదా, సెర్చ్ బాక్స్‌లో ఇంగ్లీష్ అక్షరాలతో "కన్వర్సేషన్_ఐడీ" అని, మధ్యలో అండర్‌స్కోర్, చివర కోలన్ పెట్టి ఆ నంబర్ అతికించండి. లేటెస్ట్ ట్యాబ్‌కి వెళ్తే ఆ సంభాషణలోని రిప్లైలు టైమ్ ప్రకారం వరుసగా వస్తాయి. దానికి ఇంకో మాట కూడా చేర్చి వెతకొచ్చు, ఉదాహరణకి "వారంటీ". దీనికి లాగిన్ అయి ఉండాలి.

రెడిట్: చెట్టుని చెట్టులా చూపించడంలో ఇది ముందు నుంచీ బెటర్. డిఫాల్ట్‌గా ఉండే "బెస్ట్" వరుస 2009లో వచ్చింది. అప్‌వోట్ల సంఖ్య ఒక్కటే కాకుండా, వచ్చిన ఓట్లలో అప్‌వోట్ల శాతం ఎంత, ఆ శాతాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని లెక్క కడుతుంది. అయినా ఒక్క వరుసతో ఆగొద్దు. "కాంట్రవర్షియల్"లో వాదనకి రెండో వైపు దొరుకుతుంది. "క్యూ అండ్ ఏ" పెడితే పోస్ట్ పెట్టిన మనిషి జవాబిచ్చిన కొమ్మలు పైకి వస్తాయి. గ్రీన్ లైన్ లాంటి ఫిర్యాదు రెడిట్‌లో కనిపిస్తే ముందు నొక్కాల్సింది ఇదే.

బ్లూస్కై: సెట్టింగ్స్‌లో థ్రెడ్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్తే వరుస మార్చుకోవచ్చు, ట్రీ వ్యూ కూడా ఆన్ చేసుకోవచ్చు. ఇంకా పెద్ద సంభాషణలకి స్కైథ్రెడ్ అనే వెబ్ టూల్ ఉంది, లింక్ ఇస్తే మొత్తం చెట్టుని రెడిట్ తరహాలో పరుస్తుంది. కోడింగ్ వచ్చినవాళ్లకి ఇంకో సంతోషం: బ్లూస్కై పబ్లిక్ ఏపీఐ నుంచి థ్రెడ్‌ని లాగిన్ లేకుండానే తెచ్చుకోవచ్చు. మీరేమీ చెప్పకపోతే 6 అంచెల లోతు ఇస్తుంది, అడిగితే 1000 వరకు వెళ్తుంది. రికర్షన్ ప్రాక్టీస్ చేయడానికి దీనికంటే మంచి డేటా దొరకదు.

మాస్టొడాన్: ఇక్కడ సమస్య వేరు. ఇది ఒక సర్వర్ కాదు, వేల సర్వర్లు. మీ సర్వర్‌కి చేరని రిప్లై మీకు కనపడకపోవచ్చు, అందుకే ఒకే పోస్ట్ కింద మీకు 8, మీ ఫ్రెండ్‌కి 20 రిప్లైలు కనిపించే అవకాశం ఉంది. పోస్ట్ మెనూలోంచి ఒరిజినల్ సర్వర్ పేజీ తెరవండి. రిప్లైలు సాధారణంగా రచయిత సర్వర్‌కి చేరతాయి కాబట్టి అక్కడ లెక్క ఎక్కువ ఉంటుంది. చదవడానికి ఫాన్‌పీ అనే వెబ్ క్లయింట్ బాగుంటుంది, రిప్లైలని కొమ్మల వారీగా మడిచి చూపిస్తుంది.

మంచి టూల్స్ ఎందుకు మాయమవుతాయి?

ఇలాంటి లిస్టులు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ టూల్స్‌లో ఎక్కువ భాగం ఇంకొకరి ఏపీఐ మీద నడుస్తాయి. పోస్టులని ఏరి కథలా కూర్చే స్టోరిఫై 2018 మేలో మూతపడింది. గొలుసుల్ని చక్కగా చూపించే థ్రెడర్‌ని ట్విట్టర్ 2021 నవంబర్‌లో కొనేసి, మరుసటి నెలే మూసేసింది. 2023 జనవరిలో ట్వీట్‌బాట్, ట్విటరిఫిక్ లాంటి బయటి క్లయింట్లని ట్విట్టర్ ఆపేసింది. అదే ఏడాది ఏపీఐ ధరలు రావడంతో రెడిట్ చదివే అపోలో యాప్ జూన్ 30న ఆగిపోయింది. ట్వీట్‌డెక్ ఎక్స్ ప్రోగా మారి పెయిడ్ అయింది.

వీటిలో ఏదీ టూల్ బాలేక పోలేదు. అద్దె ఇంట్లో ఎంత బాగా సర్దుకున్నా, ఓనర్ ఖాళీ చేయమంటే చేయాల్సిందే కదా! అందుకే ఒక టూల్ పేరు బట్టీ పట్టడం కంటే, పేరెంట్ ఎక్కడుంది, మొదలు ఎక్కడుంది, ఏ కొమ్మ మడిచి ఉంది అని చూసే అలవాటు ఎక్కువ కాలం పనికొస్తుంది.

ముఖ్యమైన థ్రెడ్ అయితే మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. మడిచిన కొమ్మలన్నీ తెరిచి, బ్రౌజర్‌లో ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే చాలు. బుక్‌మార్క్ అనేది లింక్ మాత్రమే. పోస్ట్ డిలీట్ అయితే బుక్‌మార్క్ కూడా వృథా.

తెలుగులో రాస్తే థ్రెడ్ ఎందుకు పొడుగవుతుంది?

ఎక్స్‌లో ఉచిత అకౌంట్‌కి 280 క్యారెక్టర్లు. తెలుగులో ఒత్తు, గుణింతం, పొల్లు దేనికది వేరే క్యారెక్టర్‌గా లెక్క పడతాయి. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కానీ ఎక్స్ లెక్కలో ఆరు. బ్లూస్కై పరిమితి 300, అది కంటికి కనిపించే అక్షరాల లెక్కకి దగ్గరగా ఉంటుంది. అందుకే ఒకే విషయం తెలుగులో రాసినప్పుడు ఎక్స్‌లో ఎక్కువ ముక్కలవుతుంది. ముక్కలు ఎక్కువైతే మధ్యలో ఒక్క ముక్కే స్క్రీన్‌షాట్‌గా వాట్సాప్‌లో తిరిగే అవకాశం కూడా ఎక్కువ. తెలుగులో రాసేవాళ్లు ప్రతి ముక్కలో విషయం పేరు ఒకసారి చెప్పడం మంచిది. తప్పు దిద్దుకోవాల్సి వస్తే, గొలుసు చివరతో పాటు మొదటి పోస్ట్ కింద కూడా ఆ సవరణ పెట్టండి.

నమ్మే ముందు, పంపే ముందు ఐదు స్టెప్స్

1. పైకి వెళ్లండి. మీరు చూస్తున్నది మొదటి పోస్టా, ఎవరికో ఇచ్చిన రిప్లైనా?
2. వరుస మార్చండి. డిఫాల్ట్ కాకుండా కనీసం ఇంకొక్క సార్టింగ్‌లో చూడండి.
3. పోస్ట్ పెట్టిన మనిషి తర్వాత ఇచ్చిన జవాబులు వెతకండి. సవరణ ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటుంది.
4. దాచినవి, కోట్ చేసినవి తెరవండి.
5. షేర్ చేయాలనుకుంటే స్క్రీన్‌షాట్‌తో పాటు లింక్ కూడా పెట్టండి. స్క్రీన్‌షాట్‌కి పేరెంట్ ఉండదు, పిల్లలూ ఉండవు. లింక్ ఉంటే అవతలివాళ్లు కావాలంటే చెట్టు మొత్తం చూసుకుంటారు.

అన్నీ కలిపి రెండు మూడు నిమిషాల పని. ప్రతి మీమ్‌కీ ఇంత అక్కర్లేదు. మీ డబ్బు, మీ ఫోన్, ఎవరిదైనా పేరు ముడిపడి ఉన్నప్పుడు మాత్రం ఆ రెండు నిమిషాలు పెట్టండి.

ఒక చిన్న ప్రాక్టీస్: మీరు కొనాలనుకుంటున్న ఫోన్ మీద బాగా వైరల్ అయిన ఒక ఫిర్యాదు పోస్ట్ తీసుకోండి. ముందు డిఫాల్ట్ వ్యూలో చదివి, మీకేమనిపించిందో ఒక్క లైన్ రాసుకోండి. తర్వాత పై ఐదు స్టెప్స్ చేసి ఇంకో లైన్ రాయండి. రెండు లైన్లూ ఒకటే అయితే ఆ ఫిర్యాదు గట్టిదే, ఆ ఫోన్ గురించి ఇంకోసారి ఆలోచించండి. వేరువేరుగా ఉంటే, ఫోన్ కంటే ముందు ఆ పోస్ట్‌నే అనుమానించాలన్నమాట.