ప్యాడ్లు మారిస్తే బ్రేకులు బాగైనట్టేనా?

మా ప్రత్తిపాడులో ఎవరైనా 'బ్రేకులు చేయించా' అన్నారంటే, ఎక్కువగా ముందు చక్రాలకి కొత్త ప్యాడ్లు వేయించారని అర్థం. మా పాత ఆల్టోకీ ఇన్నాళ్లూ అంతే. మిర్చి సీజన్లో గుంటూరు రోడ్డు మీద టిక్కీలు ఎత్తుకుని, వెనక లైటు లేకుండా ట్రాక్టర్లు వెళ్తుంటాయి. రాత్రిపూట ఆ రోడ్డులో అమ్మావాళ్లని తీసుకెళ్లే బండికి ఇది చాలదనిపించి, సంక్రాంతి సెలవుల్లో నేనూ నాన్నా మొత్తం విప్పాం. "ప్యాడ్లు మారిస్తే సరిపోద్ది కదరా" అని నాన్న అంటూనే ఉన్నారు.

మా నల్లరేగడి నేలలో జాకీ దిగబడుతుంది, అందుకే గచ్చు మీద పెట్టాం. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, బండి నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, అప్పుడు లేపాలి. జాకీ లేపడానికే. బండి బరువు మొయ్యాల్సింది స్టాండ్లు.

క్యాలిపర్ విప్పాక తీగతో పైకి కట్టండి, బ్రేకు గొట్టానికి వేలాడదీయొద్దు. ఇప్పుడు పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. మా ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ రేకుదాకా అరిగింది, బయటిది సగం కూడా అరగలేదు. కారణం ఏంటంటే, ఈ రకం క్యాలిపర్‌కి పిస్టన్ లోపలివైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కితే, క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను బిగుసుకుంటే జరగదు, పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. కొత్త ప్యాడ్లు వేసినా మళ్లీ అదే కథ. బగ్ అలాగే ఉంచి అవుట్‌పుట్ దిద్దడం లాంటిది!

మాకు పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి మట్టీ నీళ్లూ పోయి తుప్పు పట్టింది. తుప్పు గోకి, కొత్త తొడుగు వేసి, సిలికాన్ గ్రీజు రాశాం. ఇంట్లో ఉంది కదాని ట్రాక్టరు గ్రీజు రాయొద్దు, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

వెనక డ్రమ్ముల్లో దుమ్ముని ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవాలి. ఒకవైపు బిగించాకే రెండోది విప్పండి, ఏ స్ప్రింగు ఎక్కడో చూసుకోవడానికి అదే మన బ్యాకప్.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ కిందికి దిగిపోయి బండి ఆగదు. అందుకే ఆయిల్ మార్చి గాలి తీశాం. నాన్న పెడల్ తొక్కి పట్టుకుంటే నేను నిప్పుల్ వదిలి, మళ్లీ బిగించేదాన్ని. బిగించాకే ఆయన పెడల్ వదలాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో బండి మాన్యువల్లో చూసుకోండి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి నెట్టాం కాబట్టి మొదటి తొక్కుకి బ్రేకు పడదు. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే మెకానిక్ అన్నని ఇంటికే పిలవండి, బండి ఆయన దగ్గరికి తోలుకెళ్లొద్దు.