ఇంటి పెరటిలోని ఎలుకలు, పందికొక్కులు : గుర్తించుట, అరికట్టుట

పొలములో ఎలుక చేయు నష్టమును గురించి రైతునకు ఎవరును బోధింపనక్కరలేదు. మొదలంట కొరికి పడవేసిన వరిపిలకలు తెల్లవారగానే కంటికి కనబడును. ఇంటి ఆవరణలో జరుగు నష్టము అట్టిది కాదు. అది రాత్రివేళ, గాదె క్రిందను, గడ్డివామి చాటునను, పిడకల గూటి వెనుకను జరుగును. దానిని కొలిచి చూచువారు అరుదు. అందుచేతనే అది సంవత్సరముల తరబడి సాగుచుండును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. 300 గడపలు గల గ్రామములో ఒక్కొక్క ఆవరణయందు 5 ఎలుకలున్నవనుకొందము. ఎలుక దినమునకు తన బరువులో ఇంచుమించు పదవవంతు ఆహారము తినును. తలకు 15 గ్రాముల చొప్పున వేసినను 1500 ఎలుకలు దినమునకు 22½ కిలోలు తినును. సంవత్సరమునకు ఇది 82 క్వింటాళ్ళగును. అవి మలమూత్రములతో పాడుచేసిన గింజలు, కొరికిన గోతాములు ఈ లెక్కలో చేరలేదు. ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. వాటిని అరుగదీసికొనుటకై అది తినునది కాకపోయినను కొయ్యను, గుడ్డను, విద్యుత్తు తీగపైనున్న తొడుగును కూడ కొరుకును.

ఆరోగ్యము మాట వేరు. ఎలుక మూత్రము కలిసిన నీటిలోగాని బురదలోగాని గాయమైన కాలితో నడచినవారికి లెప్టోస్పైరోసిస్ అను జ్వరము రావచ్చును. అది ముదిరినచో మూత్రపిండములను, కాలేయమును దెబ్బతీయును. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతట లక్షలాది ప్రజలను బలిగొన్నది. ఆ వ్యాధికిని ఎలుకలకును వాటిపై నుండు మిడుతీగకును, అనగా ఎలుక గోమారికిని, గల సంబంధమును లోకమునకు తెలిపినవి ఆ కాలపు పరిశోధనలే.

ఏ జంతువో ముందుగా తెలియవలెను

అన్నింటిని ఎలుకలే యనుకొని ఒకే మందు, ఒకే బోను వాడుట వలన శ్రమ వృథాయగును. ఇంటి ఎలుక సన్ననిది. దాని తోక శరీరముకంటె పొడవైనది. అది చక్కగా ఎగబ్రాకును. పెంకుటిండ్ల కప్పులందును, అటకల మీదను, కొబ్బరిచెట్ల మొవ్వులందును నివసించును. చెట్టుక్రింద రాలిన లేతకాయకు తొడిమ దగ్గర గుండ్రని రంధ్రమున్నచో అది దీని పనియేయని తలంపవచ్చును. చిట్టెలుక పెట్టెలలో, సామానుల నడుమ కాపురముండును. దాని మలము జీలకర్ర గింజంత మాత్రమే యుండును. ఇంటి ఎలుకది కొనలు సన్నగిల్లి ఒక సెంటీమీటరు పైబడి యుండును.

పెరటికి అసలైన శత్రువు పందికొక్కు. ఈ తెలుగుమాట నుండియే ఇంగ్లీషువారి ‘బాండికూట్’ అను పదము పుట్టినది. వారు తరువాత ఆ పేరును ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకు కూడ తగిలించిరి! బాగుగా ఎదిగిన పందికొక్కు కిలోకు దగ్గరగా తూగును. అది ఎగబ్రాకుటలో కంటె త్రవ్వుటలో దిట్ట. ప్రహరిగోడల పునాదులక్రింద, పశువుల కొట్టముల మూలలందు, మురుగు కాలువల ఒడ్డున అది పెద్ద పెద్ద కన్నములు చేయును. వానకాలములో మట్టిగోడలు కూలుటకు ఇది కూడ ఒక కారణము. ఈ జాతిలోనే చిన్నది మరొకటి కలదు. డెల్టా వరిపొలములలో అధికముగా నుండునది ఇదియే. కోతలైన పిమ్మట కళ్ళముల వెంట ఇండ్ల దరికి చేరును. ఇది బొరియ ద్వారమును వదులు మట్టితో మూసివేయును గనుక అచట రంధ్రము కనబడదు. క్రొత్తమట్టి కుప్ప మాత్రమే కనబడును. లోపల గింజలను, కంకులను దాచును.

పొడుగు మూతి, దుర్గంధము గలిగి గోడవెంట కిచకిచలాడుచు పరుగెత్తు చుంచు ఎలుక జాతికి చెందినది కాదు. దాని ముఖ్యాహారము పురుగులు. దానిని చంపుటవలన లాభము లేదు. ఉడుత సంగతియు వేరే. అది పగటివేళ తిరుగును. జామ, సపోటా, దానిమ్మ కాయలను కొరుకును. కాయలకు గుడ్డసంచులు కట్టుట, చెట్టుపై వల కప్పుట, పక్వమునకు రాగానే కోసికొనుట చాలును. ఉడుత కొరకు విషము పెట్టువాడు ముందుగా పక్షులను చంపును.

ఉన్న కన్నములలో ఎన్నింట ఎలుకలున్నవో తెలిసికొనుటకు సులభమైన పద్ధతి కలదు. సాయంకాలము అన్నింటిని మట్టితో మూసివేసి, మరునాటి ఉదయము తెరువబడిన వాటిని లెక్కింపవలెను. అవియే సజీవములైన బొరియలు. మట్టికుప్పలున్నచోట కుప్పను చదునుచేసి, మరల క్రొత్తమట్టి వచ్చినదేమో చూడవలెను. పంచాయతీ సభ్యుడు తన వార్డులోని ఇండ్లన్నింట ఈ లెక్క తీసి పుస్తకములో వ్రాసికొన్నచో, పని ముందున్నదెంతో, తరువాత జరిగినదెంతో తెలియును.

చోటు లేకుండ జేయుట

ఎలుక గర్భధారణ కాలము మూడు వారములు. ఒక్కొక్క ఈతలో 6 మొదలు 8 పిల్లల వరకు పుట్టుట సామాన్యము. ఆ పిల్లలు మూడు నెలలకే తామును పిల్లలను పెట్టగలవు. కావున పదింటిని చంపి, తిండిని, చాటును అట్లే యుంచినచో కొద్దినెలలలో సంఖ్య మరల మొదటికే వచ్చును. చంపుటకంటె ముందు చేయవలసిన పని వేరొకటి యున్నదని దీనినిబట్టి తెలియుచున్నది.

గడ్డివామిని ఇంటిగోడ కానించి వేయరాదు. వెదురు గాదె నేలమీద నుండుటకంటె రెండున్నర అడుగుల ఎత్తుగల దిమ్మెలపై నుండుట మేలు. ఆ దిమ్మెలకు బోర్లించిన గరాటువలె రేకు తొడుగులు పెట్టినచో ఎలుక ఎక్కజాలదు. నిచ్చెనను రాత్రివేళ తీసివేయవలెను. లేనిచో రేకు పెట్టిన ఖర్చంతయు దండుగ. తలుపుక్రింద సందు అరసెంటీమీటరునకు మించరాదు. బొటనవ్రేలు దూరు రంధ్రములో ఎలుక దూరగలదు. పాత కన్నములను ఉత్త మట్టితో పూడ్చుట ఎలుకకు పని కల్పించుటయే యగును. గాజుపెంకులు, కంకర వేసి సిమెంటుతో మూయవలెను. కొబ్బరి చెట్టునకు మనిషి ఎత్తునకు పైన ఒక అడుగు వెడల్పున రేకు చుట్టవచ్చును. అయితే ప్రక్క చెట్ల ఆకులు ఒకదానినొకటి తాకుచున్నచో ఎలుక పైనుండియే దాటును. అట్టిచోట ఈ ఉపాయము పనిచేయదు.

ఎలుక వినాయకుని వాహనమని చంపుటకు మనసొప్పనివారు గ్రామములలో కలరు. వారితో వాదింపనక్కరలేదు. ఇప్పుడు చెప్పిన పనులలో జీవహింస ఏమియు లేదు. వాటిని శ్రద్ధతో చేసిన ఇంట విషముతో అవసరమే తక్కువ. గుడ్లగూబను అపశకునమని తరుముటయు, జెర్రిపోతును త్రాచు అనుకొని కొట్టుటయు మాత్రము మానవలెను. ఇవి రెండును ఎలుకలను తిని బ్రతుకునవే.

అందరును ఒక్కనాడే

ఒక్క పెరటిని శుభ్రము చేసినచో పొరుగు పెరటి ఎలుకలు ఖాళీచోటికి వచ్చి చేరును. కనుక ఈ పని గ్రామమంతట ఒకేసారి జరుగవలెను. దానిని జరిపింపగలిగినది పంచాయతీయే. వేసవిలో పొలములు ఖాళీగా నున్నపుడు ఎలుకలు కాలువగట్లను, ఇండ్ల పరిసరములను ఆశ్రయించును. అప్పుడు, తిరిగి నాట్లు వేసిన కొలదిరోజులకును పూనుకొనుట యుక్తము.

ఇండ్లలో బోనులే మేలు. యానాదులు మొదలైన వారి చేతిలోనున్న వెదురుబుట్టలు, కుండలో గడ్డి కాల్చి బొరియలోనికి పొగ ఊదు పద్ధతి విషములేని ఉపాయములు. కూలి ముందుగా మాటాడుకొని వారిని పిలిపించినచో పందికొక్కుల విషయమున గొప్ప ప్రయోజనముండును. బొరియలలో వేయుటకు విషము అవసరమైనచో బ్రోమాడయోలోన్ తగినది. జింకు ఫాస్ఫైడు తిన్న ఎలుక వెంటనే బాధపడుటచే, బ్రతికిన ఎలుకలు ఆ ఎరను మరల ముట్టవు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక కొన్నిదినముల తరువాత రక్తస్రావముచే చచ్చును గనుక తక్కినవి అనుమానింపవు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతపు మందు కలిపినచో ఎరలో విషము 0.005 శాతమగును. ఈ గాఢమైన మందును ఇంటింటికి పంచరాదు. వ్యవసాయశాఖ ఉద్యోగి సమక్షమున ఒక్కచోట, వంటకు వాడని పాత్రలో, కర్రతో కలిపి 10 గ్రాముల పొట్లములు కట్టింపవలెను. సజీవమైన బొరియకొక పొట్లము చొప్పున లోపలికి నెట్టి ద్వారము మూయవలెను. ఎనిమిది, పది దినముల తరువాత మరల లెక్కతీసి, మిగిలిన వాటికి రెండవసారి వేయవలెను. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రమున ఎలుకల నివారణపై చిరకాలముగా పరిశోధన జరిగినది. ఆచటి శాస్త్రజ్ఞుల సలహా డెల్టా గ్రామములకు ఉపయోగకరము.

రెండు వస్తువులను మాత్రము ఇంటికి రానీయరాదు. పచ్చభాస్వరముగల ఎలుకల ముద్ద ఒకటి. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కాలేయము చెడి మనుష్యులు మరణించుచున్నారు. ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు రెండవది. వాటినుండి వెలువడు వాయువు గోడ పగుళ్ళ గుండ ప్రక్కగదికి వ్యాపించి నిద్రించువారిని చంపగలదు.

చచ్చిన ఎలుకలను కర్రతోగాని చేతితొడుగుతోగాని తీసి రెండడుగుల లోతున పూడ్చవలెను. కుక్కలు, కాకులు వాటిని తిన్నచో వాటికిని ప్రమాదము. బిడ్డ ఎవరైన ఎరను నోట పెట్టుకొన్నట్లు అనుమానము కలిగినచో, బాధ ఏమియు కనబడకున్నను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బ్రోమాడయోలోన్ లక్షణములు కొన్నిదినముల తరువాతగాని బయటపడవు. విటమిన్ కె1 దానికి విరుగుడు. మందు పొట్లముపై నున్న కాగితమును వైద్యునకు చూపుటకు తప్పక వెంట తీసికొనిపోవలెను. మందు పంచిన నాడే ఆ కాగితము ప్రతి నొకదానిని పంచాయతీ కార్యాలయములో భద్రపరచుట మంచిది.