పదమూడో రోజు తర్వాత

నేరేడ్‌మెట్

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో రెండు మాటలన్నావు. ఇల్లు బేరానికి పెట్టేస్తానన్నావు, అమ్మని వచ్చే నెల బెంగళూరు తీసుకుపోతానన్నావు. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. పదమూడో రోజు అయి నాలుగు రోజులు కాలేదు, ఇప్పుడు వాదనేమిటని. కానీ నిద్ర పట్టలేదు.

నువ్వు దారిలో ఉండగా జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు. డాక్టరు మీ నాన్న నాడి చూసి తల అడ్డంగా ఊపాక ముందు తేరుకున్నది మీ అమ్మే. "కళ్లు ఇస్తానన్నారు కదా, ఆరు గంటల్లోపే తియ్యాలట" అంది. ఫ్యాను ఆపింది. రెప్పలు మూసి తడి దూది పెట్టింది. తల కింద ఇంకో దిండు తోసింది. నేను ఎల్.వి.ప్రసాద్ వాళ్ల నేత్రనిధికి ఫోను చేశాను. వాళ్లు వచ్చేదాకా వదిన ఆ దూది ఆరిపోకుండా గ్లాసులో నీళ్లతో తడుపుతూ కూర్చుంది. ఆ మనిషిని "తీసుకుపోతాను" అంటున్నావు. వస్తావా అని అడిగావా?

అమ్మ సంగతిలో నిదానించు. కాగితాల సంగతిలో మాత్రం పరుగెత్తు.

మరణం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఇవాళ్టికి పదిహేడు. ఇంట్లో పోయారు కాబట్టి ఆసుపత్రివాళ్లు పంపేదేమీ ఉండదు, మనమే వెళ్లి చెప్పాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. ఆ ఒక్క తేడాకి ఎన్నిసార్లు తిప్పుతారో నీకింకా తెలియదు. సర్టిఫికెట్ కాపీలు పది తీసుకో.

తర్వాత పింఛను. 1995లో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) లెక్కలో జీతానికి పరిమితి ఉంది. మీ నాన్నకి 58 నిండిన 2006లో అది 6,500. మేనేజరుగా ఎంత తీసుకున్నా లెక్క దాని మీదే. అందుకే పదిహేను వందల చిల్లర వచ్చేది. భార్యకి అందులో సగం, 2014 నుంచి కనీసం వెయ్యి. "వెయ్యి కోసం ఆఫీసు చుట్టూ తిరగాలా" అని నవ్వావు. తిరగాలి. నువ్వు నెలకి పాతిక వేలు పంపినా అది కొడుకు పంపిన డబ్బు. ఈ వెయ్యి ఆమెది. పైగా ఆయన పోయిన సంగతి వెంటనే చెప్పకపోతే ఆయన ఖాతాలో పడే నెలలన్నీ వెనక్కి కట్టాలి.

ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నామినీగా నీ పేరు ఉంది. డబ్బు నీ చేతికొస్తుంది, నీదైపోదు. మా పెద్దన్నయ్య పోయినప్పుడు నామినీ నేను. బ్యాంకు ఇచ్చింది కదా అని నా ఖాతాలో వేసుకుని కూర్చున్నాను. సుప్రీంకోర్టు 1984లోనే చెప్పిందట, నామినీ అంటే పుచ్చుకునేవాడే, వారసుడు కాడని. నాకు తెలిసేసరికి మా పెద్దొదినతో ఏడేళ్లు మాటల్లేవు. తప్పు నాదే. ఇల్లూ అంతే. వీలునామా లేదు కాబట్టి 1956 చట్టం ప్రకారం అమ్మకీ, అక్కకీ, నీకూ సమాన వాటా. అక్క అడగలేదంటే వద్దందని కాదు. నీ ఒక్కడిదీ కాని ఇంటిని నువ్వొక్కడివే బేరానికి ఎలా పెడతావురా?

మీ నాన్న 1971లో ఈసీఐఎల్‌లో చేరేసరికి కంపెనీ వయసు నాలుగేళ్లు. ఏ.ఎస్.రావు గారే మేనేజింగ్ డైరెక్టరు. మొగల్లులో పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో చదివొచ్చిన మనిషి. 2003లో ఆయన పోయినప్పుడు మీ నాన్న నాతో అన్నాడు: "రావుగారి పేరు కాలనీ పేరై బస్సు బోర్డు మీద ఉంటుంది. మన పేరు కరెంటు బిల్లు మీద." (ఆ బిల్లు మీద పేరు కూడా మార్పించాలి, మర్చిపోకు.) 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి, ఈసీఐఎల్ కూడా తయారుచేసే ఓటింగ్ యంత్రాలు పెట్టినప్పుడు ఆ రోజంతా అన్నం సయించలేదు మీ నాన్నకి. రిటైరయ్యాక కూడా పోలింగ్ రోజున బూత్ బయట నిలబడి, వచ్చినవాళ్లందరినీ "బీప్ వినిపించిందా?" అని అడిగేవాడు.

రిటైరైన మొదటి ఏడాది మాత్రం ఆయనతో వేగడం కష్టమైంది. వదిన కూరకి తాలింపు పెట్టడానికీ ప్రాసెస్ షీటు రాసేవాడు. తర్వాత సఫిల్‌గూడ చెరువు దగ్గర నడకలో ఒక పెద్దాయన బ్యాంకు ఉత్తరం చూపించి అర్థం చెప్పమన్నాడు. అక్కణ్నించి మొదలు. వాయుపురి నుంచి, డిఫెన్స్ కాలనీ నుంచి మిలిటరీవాళ్ల భార్యలు ఫారాలు పట్టుకుని మీ వరండాలోకి వచ్చేవాళ్లు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్లు. ఫోన్‌లో మొహం చూపిస్తే సరిపోయే రోజులొచ్చాక, కళ్లు ఆర్పమని వాళ్లకి చెప్పలేక అరిచేవాడు. అందరి కాగితాలూ సర్దినవాడు తన వీలునామా మాత్రం రాయలేదు. తెల్లకాగితం, సంతకం, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. నాకు ఇంకా కోపంగానే ఉంది.

మొన్న సాయంత్రం మీ ఇంటికెళ్లాను. వరండాలో వాయుపురి పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. మీ నాన్న పోయిన సంగతి ఆవిడకి తెలియదు, గ్యాస్ సబ్సిడీ ఫారం పట్టుకుని వచ్చింది. తెలిసి, లేచి వెళ్లిపోబోయింది. వదిన ఆవిణ్ని కూర్చోబెట్టి, లోపలికెళ్లి కళ్లజోడూ, ఆయన నల్ల పెన్నూ తెచ్చుకుని, "మీ ఆధార్ నంబరు చదవండి" అంది.

శనివారం రాత్రి బండికి బయల్దేరు. టిఫిను మా ఇంట్లోనే. ఆదివారం మీ అమ్మతో కూర్చుని మాట్లాడు, సోమవారం ఆఫీసులు తిరుగుదాం. అక్కకి నువ్వే ఫోన్ చేసి రమ్మను. మీ నాన్న పింఛను పుస్తకం పూజగది అలమరలో కింది అరలో ఉందట. ఒరిజినల్ పాన్ కార్డు నీ దగ్గరే ఉంది, తెచ్చుకో.

మీ బాబాయి