చలికాలానికి ముందు మన ఇంటి ఫర్నేస్
(పై తరగతి పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ ఒక పాఠం)

పిల్లలూ!

మన ఊళ్ళల్లో చలికాలమంటే దుప్పటి, భోగిమంట. భోగిమంట వాకిట్లో వేస్తారు కాబట్టి పొగ ఆకాశంలోకి పోతుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చాలా ఇళ్ళల్లో మంట ఇంటి లోపలే ఉంటుంది. బేస్‌మెంటులో, గ్యాస్ ఫర్నేస్‌లో, నెలల తరబడి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వేడి ఇంట్లోకి రావాలి, పొగ బయటికి పోవాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

పాఠం పూర్తయ్యాక మీరు రెండు పనులు చెయ్యగలగాలి. ఒకటి, ఫర్నేస్ ఎలా పనిచేస్తుందో తెలుగులో చెప్పడం. రెండు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో అలారం మోగితే ఏం చెయ్యాలో నేర్పడం. పగలు మీరు బడికీ, అమ్మానాన్నలు ఆఫీసుకీ వెళితే ఇంట్లో ఉండేది వాళ్ళే కదా!

1. ఫర్నేస్ పనిచేసే తీరు

ఇల్లు చల్లబడగానే థర్మోస్టాట్ ఫర్నేస్‌కి కబురు పంపుతుంది. ముందు ఒక చిన్న ఫ్యాను తిరిగి, మంట గదిలోని గాలిని గొట్టం ద్వారా బయటికి తోస్తుంది. ఆ ఫ్యాను సరిగా లాగుతోందని ఒక స్విచ్ నిర్ధారించాకే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. అప్పుడు గ్యాస్ వాల్వు తెరుచుకుని మంట వెలుగుతుంది. మంట కనిపించకపోతే సెన్సరు కొద్ది సెకన్లలోనే గ్యాసు ఆపించేస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాములో లాగే, ఒక షరతు నెరవేరితేనే తరవాతి మెట్టు.

మంట హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహపు గొట్టాల లోపల ఉంటుంది. పెద్ద ఫ్యాను ఇంటి గాలిని ఆ గొట్టాల బయటి నుంచి తోసి, వేడెక్కిన గాలిని గదులకి పంపుతుంది. చారు కాచేటప్పుడు మంట గిన్నె కింద, చారు గిన్నెలో ఉన్నట్టే ఇదీను. రెండూ కలవవు. ఆ లోహం పగిలినా, పొగగొట్టం మూసుకుపోయినా కాలిన గాలి ఇంట్లోకి రావచ్చు.

2. అక్టోబరులో చెయ్యవలసిన పనులు

ఫిల్టరు: అంగుళం మందం ఫిల్టరుని ఒకటి నుంచి మూడు నెలలకి ఒకసారి మార్చాలి. పోపులూ వేపుళ్ళూ రోజూ ఉండే ఇళ్ళల్లో నెలకొకసారి తీసి చూడడం మేలు. అంచు మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి గొట్టాలు అతిగా వేడెక్కుతాయి. ఒక రక్షణ స్విచ్ మంటని ఆర్పేస్తుంది. ఇలా పదే పదే జరిగితే లోహం పగిలే ప్రమాదం ఉంది.

చుట్టూ ఖాళీ: ఇండియా సూట్‌కేసులకీ, బియ్యం బస్తాలకీ ఫర్నేస్ గదే గోడౌను అవుతుంది! అంటుకునే వస్తువులన్నీ కనీసం 3 అడుగుల దూరంలో ఉంచండి. పెయింటు డబ్బాలు, పెట్రోలు ఆ గదిలో అసలే వద్దు.

బయటి గొట్టాలు: కొత్తరకం ఫర్నేస్‌లకి తెల్లటి పీవీసీ గొట్టాలు గోడలోంచి బయటికి వస్తాయి. ఆకులు, పక్షి గూళ్ళు తీసెయ్యాలి. మంచు తుఫాను తరవాత కారు కంటే ముందు వీటి చుట్టూ మంచు తవ్వాలి.

గదుల్లో: గాలి వచ్చే, పోయే జాలీల మీద సోఫాలు, తివాచీలు లేకుండా చూడండి.

పరీక్ష: గట్టి చలి రాకముందే ఒకరోజు నడిపి చూడండి. మొదట కాసేపు దుమ్ము కాలిన వాసన మామూలే. అది తగ్గకపోయినా, నీలంగా ఉండవలసిన మంట పసుపుగా ఊగుతున్నా ఆపేసి టెక్నీషియన్ని పిలవాలి. ఎలాగూ ఏడాదికొకసారి అతనిచేత చూపించాలి. మూత విప్పడం పిల్లల పని కాదు.

3. వాసన లేని విషం

గ్యాసుకి సహజంగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో లీకయిన గ్యాసు పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ తరవాతే గ్యాసులో కుళ్ళిన గుడ్డు వాసన కలపడం చట్టమైంది. ఆ వాసన వస్తే లైటు స్విచ్ కూడా వెయ్యకుండా బయటికి వెళ్ళి ఫోను చెయ్యాలి.

గ్యాసు మండడానికి ఆక్సిజన్ చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరుగుడు, వాంతి వస్తాయి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి బయటికెళితే తగ్గుతోందంటే తప్పక అనుమానించాలి. అమెరికాలో మంటలతో సంబంధం లేకుండా ఏటా 400 మందికి పైగా ఈ వాయువుకి బలవుతున్నారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దని మన పెద్దవాళ్ళు చెప్పేదీ ఇందుకే. కరెంటు పోయినప్పుడు బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తేకండి. గరాజు తలుపు తెరిచి ఉన్నా జనరేటరు అక్కడ నడపకండి.

ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాలి. నెలకొకసారి మీట నొక్కి చూడండి. వీటి ఆయుష్షు రకాన్ని బట్టి 5 నుంచి 10 ఏళ్ళు. వెనక తేదీ చూసి కొత్తది పెట్టండి. పోపు పొగకి మోగుతోందని బ్యాటరీ పీకెయ్యడం మాత్రం వద్దు.

4. డిసెంబరులో ఇండియా వెళుతుంటే

ఫర్నేస్ ఆపకండి. థర్మోస్టాట్‌ని 55 ఫారెన్‌హీట్ డిగ్రీలకి తగ్గకుండా ఉంచి, బ్యాటరీలుంటే కొత్తవి వెయ్యండి. నీళ్ళ మెయిన్ వాల్వు కట్టెయ్యండి. లేకపోతే గొట్టాల్లో నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, గొట్టం పగిలితే తిరిగొచ్చేసరికి బేస్‌మెంటు చెరువవుతుంది. తాళం చెవి నమ్మకస్తులకిచ్చి మధ్యలో చూడమనండి.

కొత్త మాటలు

దహనం – మండడం
వాయువు – గాలి, గ్యాసు
వ్యాకోచం – పరిమాణం పెరగడం
వడపోత – ఫిల్టరు చేసే పని

ఇంటిపని

1. ఫిల్టరు మూసుకుపోతే మంట ఎందుకు ఆరిపోతుంది? మూడు వాక్యాల్లో రాయండి.
2. 68 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎన్ని సెల్సియస్ డిగ్రీలు?
3. ఈ కింది మాటలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి అలారం పక్కన అంటించండి. అడుగున మీ ఇంటి అడ్రసు, అమ్మానాన్నల ఫోను నంబర్లు తెలుగు లిపిలో రాయండి. ఆ తరవాత అమ్మమ్మచేతో తాతయ్యచేతో చదివించండి.

"మూడు కూతలు, విరామం, మళ్ళీ మూడు – పొగ, మంట. నాలుగు కూతలు, విరామం, మళ్ళీ నాలుగు – విషవాయువు. రెండింటికీ వెంటనే బయటికి వెళ్ళాలి. తలుపు దగ్గరున్న కోటు తప్ప ఏదీ వెతకకూడదు. బయటికి వెళ్ళాకే 911కి ఫోను. ఫైరు వాళ్ళు సరేనన్నాకే లోపలికి. నిమిషానికొక్క కూత మాత్రమే అయితే బ్యాటరీయో, అలారమో మార్చాలి. సాయంత్రం మాకు చెప్పండి."