చీలమండ స్నాయువు తొలగుట: శస్త్రచికిత్స, తదుపరి జాగ్రత్తలు

చీలమండ వెలుపలి ఎముక వెనుక గాడిలో రెండు స్నాయువులు కలవు. ఇవి పిక్క వెలుపలి కండరములను పాదపు ఎముకలకు కలుపు బలమైన త్రాళ్లు. ఇవి తొలగకుండ పట్టీవంటి పొర ఒకటి అదిమి ఉంచును. ఆటలందుగాని, కాలు జారినపుడుగాని పాదము హఠాత్తుగా మెలిపడినచో ఈ పొర తెగి, స్నాయువులు ఎముకమీదికి జారవచ్చును.

దీనిని బెణుకని పొరబడుట కద్దు. వాపు తగ్గిన పిమ్మటను నడచునపుడు ఎముకపై ఏదియో టక్కున జారినట్లు తోచినచో ఎముకల వైద్యునికి చూపవలెను. మర్దనముచే తెగిన పొర అతుకదు. మాటిమాటికి ఒరసికొనుటచే స్నాయువు చీలిపోవచ్చును.

గాయమైన క్రొత్తలో కట్టుతో కొందరికి నయమగును. అయినను మరల జారుట తరచు. శస్త్రచికిత్సలో వైద్యుడు స్నాయువులను స్వస్థానమున నిలిపి, పొరను ఎముకకు కుట్టును. గాడి చాలనిచో లోతు చేయును.

పిదప కొన్ని వారములు కట్టు ఉండును. వైద్యుడు అనుమతించువరకు ఆ కాలిపై బరువు మోపరాదు. నొప్పి లేదని కట్టు ముందుగా విప్పినచో అతుకుచున్న పొర మరల తెగవచ్చును. జ్వరము, చీము, పిక్కలో వాపు, నొప్పి కనిపించినచో వెంటనే వైద్యుని చూడవలెను. ఆయాసము, ఛాతీనొప్పి కలిగినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేరవలెను. కట్టు విప్పిన తరువాత వ్యాయామములను క్రమముగా సాగించినచో సాధారణముగా 3 మొదలు 6 నెలలలో ఆటలకు మరలవచ్చును.