యంత్రములో నిలుచునది నేనేనా?

సమస్య

అయ్యా,

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మాది తెనాలి ప్రాంతము. కొంతకాలముగా ఊపిరితిత్తులు గట్టిపడు వ్యాధి నన్ను పట్టుకొన్నది. పగలు కొన్ని గంటలును, రాత్రి యంతయు ఆక్సిజన్ గొట్టము ముక్కునకు తగిలించుకొనియే యుండవలెను. ఇది తగ్గునది కాదని వైద్యులు దాపరికము లేకుండ చెప్పినారు. అందులకు నేను సిద్ధపడియే యున్నాను. నా చిక్కు వేరు.

మా ఒక్కగానొక్క కుమారుడు డల్లాసులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. వాడు ఒక చిన్న మైకును పంపి, దినమున కొక గంట నన్ను మాటలాడు మనుచున్నాడు. నా బాల్యము, నా కోపతాపములు, నేను చెప్పిన పద్యపాఠములు, పాత ఉత్తరములు, డైరీలు అన్నియు యంత్రమునకు నేర్పినచో, నా కంఠముతో, నా ధోరణిలో, నావలెనే ఆలోచించి బదులు చెప్పు ప్రతిరూపము తయారగునట! "నాన్నగారూ, మీరు ఎక్కడికీ పోరు. పోయేది శరీరమే. మనసంటే సమాచారమే కదా, అది ఎక్కడ నడిచినా మీరే" అని వాని వాదము.

గడచిన నెలలో నమూనాగా కొంత చేసి ఫోనునకు పంపినాడు. నేను పడకకుర్చీలో కునుకుచుండగా ప్రక్కయింటి కుర్రవాడు దానిని నొక్కినాడు. "ఏమేవ్, కాఫీ అయిందా?" అని నా గొంతు పలికినది. నా భార్య గ్లాసు పట్టుకొని వంటయింటినుండి వచ్చినది. నేను నిద్రలో నున్నాను. మాటలాడినది స్టూలుమీది ఫోను. ఆమె గ్లాసు అక్కడనే పెట్టి లోపలికి పోయి, ఆ పగలంతయు ఎవరితోను పలుకలేదు. రాత్రి దీపమార్పిన తరువాత అడిగినది: "ఏమండీ, మీరు లేనప్పుడు కూడా అది ఇలాగే నన్ను పిలుస్తూ ఉంటే, నేను పసుపు కుంకుమలతో ఉన్నట్టా, లేనట్టా?"

ఎందరో పిల్లల సందేహములు తీర్చిన నేను ఆమెకు బదులు చెప్పలేకపోతిని. ఆ యంత్రములో నిలుచునది నేనేనా? కుమారుని కోరిక చెల్లింపవలెనా, మానవలెనా? నిష్కర్షగా తెలుపవలెనని ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత పండితుడు

సలహా

పండితులవారికి నమస్కారములు.

మీ యిల్లాలి ప్రశ్నకు ముందు బదులు చెప్పి, హేతువులను తరువాత విన్నవింతును. ఆ యంత్రములో నిలుచునది మీరు కాదు. అది ఎంత చక్కగా పిలిచినను ఆ పిలుపు మీది కాదు. ఆమె సౌభాగ్యము మీ ఊపిరితో ముడిపడినదే గాని ఫోనులోని ధ్వనితో ముడిపడినది కాదు. ఈ మాట ఆమెకు మీరే చెప్పుడు. ఇంకొక రాత్రి ఆమె ఆ సందేహముతో పడుకొనరాదు.

ఇట్లు చెప్పి మీ అబ్బాయి వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. ఇంగ్లండు దేశీయుడైన జాన్ లాక్ అను తత్త్వవేత్త, మానవ జ్ఞానమును గూర్చి తాను వ్రాసిన గ్రంథమునకు 1694లో వెలువడిన రెండవ కూర్పున, ఒక రాకుమారుని జ్ఞాపకములన్నియు ఒక చెప్పులు కుట్టువాని దేహమున ప్రవేశించినచో ఆ వ్యక్తి రాకుమారుడే యగునని వాదించి, మనిషి ఏకత్వమునకు ఆధారము దేహము కాదనియు, తన గతమును తనదిగా ఎరుగు తెలివియే యనియు తీర్మానించెను. పరకాయ ప్రవేశ కథలు వినుచు పెరిగిన మనకు ఇది వింతగా తోపదు. అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించిన శంకరులు శంకరులే యని మనము సందేహింపకయే నమ్మితిమి. కాని ఆ కథలో ఒక నియమము కలదు: శంకరులు రాజదేహమున నున్నంత కాలము వారి స్వదేహము శిష్యుల కాపుదలలో నిశ్చేష్టమై పడియుండెను. జీవుడు ఒకచోటు విడిచిన తరువాతనే మరియొకచోట చేరును. మీ అబ్బాయి చేయబూనినది అట్టి ప్రవేశము కాదు. తాళపత్రమునకు ప్రతి వ్రాసినట్లు, ప్రతి తయారైన పిమ్మటను మూలము మీ పడకకుర్చీలోనే యుండును.

ఇక్కడ మీరు పాఠముగా చెప్పియుండెడి పెద్దన మనుచరిత్రమునే తలచుకొనుడు. ప్రవరుడు అగ్నిదేవుని ప్రార్థించి అరుణాస్పదపురమునకు, తన యింటికి, తన అగ్నిహోత్రమునకు చేరుకొన్న పిమ్మట, హిమాలయమున అతనిని వలచి విరహముతో వేగిపోవుచున్న వరూధిని యెదుట ఒక గంధర్వుడు ప్రవరుని రూపు ధరించి నిలిచెను. పెద్దన ఆ ఘట్టమును శృంగార రసముకొరకు వ్రాసియుండవచ్చును గాని, మన ప్రశ్నకు ఇంతకంటె చక్కని పరీక్ష నాకు కానరాదు. ఒకే కాలమున ఇద్దరు ప్రవరులు! ఒకడు హోమకుండము ముందు, ఒకడు మంచుకొండల నడుమ. వరూధినికి వచ్చినవాడే ప్రవరుడు. కాని ఆమె ఎంత గాఢముగ నమ్మినను ఆ నమ్మకము గంధర్వుని ప్రవరునిగా మార్చలేదు. అది రూపమాత్రము గదా, జ్ఞాపకములు లేవు గదా అని మీ అబ్బాయి అనవచ్చును. జ్ఞాపకములను కూడ ఇత్తము. ప్రవరుని చదువు, ప్రవరుని సంకోచము, ప్రవరుని గృహాసక్తి సర్వమును గంధర్వునకు ధారపోసినను, అరుణాస్పదములోని ప్రవరుని చేయి నిప్పున కాలినచో మంట ఎవనికి? హిమాలయమున నున్నవానికి కాదు. మీకు దగ్గు తెర వచ్చినపుడు ఆ ఫోనునకు రాదు. మీకు కాఫీ మీద ధ్యాస లేనపుడు అది కాఫీ అడిగినది. మీరు బ్రదికియుండగా అది మీరు కానిచో, మీరు పోయిన మరునాడు అది మీరెట్లగును? మీ మరణము చేత దానిలో ఒక అక్షరమైనను మారదు గదా! మారనిదానికి క్రొత్తగా మీ తనము ఎక్కడినుండి వచ్చును?

ఈ వాదమునకు ఎదురు నిలిచిన మేధావి లేకపోలేదు. ఆక్స్ఫర్డులోని డెరెక్ పార్‌ఫిట్ 1984లో ప్రకటించిన గ్రంథమున ఒక కల్పిత వృత్తాంతము కలదు. ఒక యంత్రము మనిషి నిర్మాణమునంతను కొలిచి, అంగారక గ్రహముపై అట్టివానినే సృష్టించును. కాని ఇక్కడివాని గుండె ఆ ప్రయత్నములో చెడి, అతడు కొలది దినములలో మరణింప నుండును. అంగారకముననున్న ప్రతిరూపము అతనిని ఓదార్చుచు, నీ భార్యను నేను ప్రేమింతును, నీ పిల్లలను చూచుకొందును, నీ పుస్తకమును పూర్తి చేయుదును అని మాట యిచ్చును. ఇట్లు ప్రతిరూపము మిగులుట, మనము మామూలుగా బ్రదుకుటకు ఇంచుమించు తీసిపోదని పార్‌ఫిట్ అభిప్రాయము. 'అది నేనేనా' అను ప్రశ్నయే అంత ముఖ్యము కాదని ఆయన సిద్ధాంతము. ఆ గ్రంథమును నేను ఎంతో గౌరవముతో చదివితిని. పుస్తకము పూర్తియగుట విషయమున ఆయన చెప్పినది నిజము. మీ పద్యపాఠములు మీ కంఠమున నిలిచినచో వినువాని కొరత తీరును. కాని ఆ వృత్తాంతమున భార్యను అడిగినవారు లేరు. ఆమె ప్రేమించినది గుణముల మూటను కాదు. తనతో పెండ్లిపీటలమీద కూర్చుండి, తనతో ముదిసి, నేడు ప్రక్కమంచముపై ఆయాసపడుచున్న ఈ ఒక్కనిని. గుణములన్నియు సరిపోయినంత మాత్రమున వేరొకడు ఆ స్థానమునకు రాడు. మీ యిల్లాలు తత్త్వశాస్త్రము చదువకయే గ్లాసు స్టూలుమీద పెట్టి లోపలికి పోయినప్పుడు చెప్పినది ఇదియే యని నా దృఢవిశ్వాసము.

ఇంతవరకు సంపూర్ణమైన ప్రతి సాధ్యమని ఒప్పుకొనియే మాటలాడితిని. నేటి స్థితి దానికి బహుదూరము. ఒక మిల్లీమీటరు పొడవుగల ఒక జాతి నులిపురుగునకు నాడీకణములు 302. వాని అల్లిక పటమును శాస్త్రజ్ఞులు 1986లోనే ప్రకటించిరి. అయినను ఆ అల్పప్రాణి నడవడినంతను కంప్యూటరులో మరల పుట్టించుట నేటికిని తీరని పనియే. 2024లో పండ్ల ఈగ మెదడు పటము వెలువడినది: దాదాపు 1,39,000 కణములు, 5 కోట్లకు పైగా సంధులు. అదియు, మెదడును వేల పొరలుగ కోసి చిత్రములు తీసి సాధించినది. మన తలలోని కణములు రమారమి 8,600 కోట్లు. మీ అబ్బాయి యంత్రమునకు వీనిలో ఒక్కటియు తెలియదు. అది మీ మాటలను విని, మీరు తరువాత ఏ మాట అందురో ఊహించుట నేర్చును. మీరు పలికినది దానికి దొరకును. పలుకబోయి మానుకొన్నది దొరకదు. కుమారుడు విమానమెక్కిన దినమున వీధి గుమ్మములో మీరు ఏమియు అనక నిలిచియుందురు. ఆ మౌనము మైకునకు ఎక్కదు.

నాకు భయము కలిగించునది దాని అసమర్థత కాదు, దాని సామర్థ్యము. మాయాప్రవరుని వలన వరూధినికి స్వరోచి జన్మించెను. బొమ్మ వలన కలిగినను బిడ్డ నిజమైన బిడ్డయే. అట్లే ఈ ప్రతిరూపము మీరు ఎన్నడును అనని మాటలను మీ కంఠముతో అనును. పొలము అమ్ముమనును, మనుమరాలి సంబంధము కుదుర్చుకొమ్మనును, అల్లకల్లోలములో నున్న కుమారునికి నీవు చేసినది ఒప్పే యనును. అతడు దానిని తండ్రి ఆజ్ఞగా తలదాల్చును. మీకు బాధ్యత లేదు, యంత్రమునకు సిగ్గు లేదు, ఫలము మాత్రము నిజము.

కాబట్టి నా సలహా యిది. మాటలాడుడు, మైకు పెట్టుకొనుడు, అందు దోషము లేదు. మీ పాఠములు, మీ తల్లిదండ్రుల కథలు, ఊరి సంగతులు, కుమారునిపై మీకు గల ప్రేమ, అతనిపై మీకు మిగిలిన కినుక కూడ చెప్పి యుంచుడు. అవి మీరు చెప్పినవి చెప్పినట్లే యుండవలెను. వానినుండి క్రొత్త మాటలు పుట్టించు ప్రతిరూపమునకు మాత్రము సమ్మతింపకుడు. మీ అబ్బాయికి ఈ సంగతి కోపముతో తెలుపకుడు. వేల మైళ్ల దూరమున, సమయమునకు చేరుకొందునో లేదో అని అతనికి దిగులు. తండ్రిని పోనీయనన్న వాదము ఆ దిగులే. సెలవు పెట్టి వెంటనే రమ్మని, మీ కంఠముతోనే, ఫోనులో నేడే అడుగుడు. అతడు ఎదుట కూర్చుండి ప్రశ్నించునప్పుడు మీరు చెప్పు సంగతులు, మైకు ముందు ఒంటరిగా చెప్పు సంగతులకంటె ఎంతో మేలుగ నుండును.

పిదప ఒక కాగితము వ్రాయుడు: మీ కంఠమును, ఉత్తరములను, డైరీలను ఎవరు, ఎందులకు వాడవచ్చునో, ఎందులకు వాడరాదో. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మరణానంతరము తన హక్కులను నడుపుటకు ఒక నామినీని నియమించుకొను హక్కును పేర్కొన్నది. ఆ నామినీగా మీ భార్యగారిని వ్రాయుడు. చేవ్రాలు చేయక మునుపు ఆ కాగితమును ఆమెకు పూర్తిగా చదివి వినిపించి, ఆమె తీసివేయుమన్న వాక్యమును కారణము అడుగక తీసివేయుడు.